పామర్రు మినుములు, పదిహేను పైసల తూకం

బెజవాడ బజారులో మినుములు కిలో రెండు రూపాయల అరవై పైసలు పలుకుతున్నాయి. అవే మినుములు పామర్రు పక్క పల్లెల్లో, నూర్చిన వారం పది రోజుల్లోపు వెళ్లి కొనుక్కుంటే కిలో రెండు రూపాయలకే వస్తాయి. బస్సు చార్జీలు, లగేజీ, రిక్షా అన్నీ పోను అయిదిళ్ల వాళ్లకి ఇంటికి అయిదు రూపాయలు మిగులుతాయి. ఈ లెక్క నాది కాదు, మా అత్తయ్యది. కిందటి నెలాఖరు శనివారం ఆవిడతో కలిసి నేనూ వెళ్లొచ్చాను కాబట్టి, ఎవరైనా వెళ్లదలుచుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను. మేం చేసిన పొరపాటు కూడా రాస్తాను, అది మాత్రం చెయ్యకండి.

మేముండేది గవర్నరుపేటలో అయిదు వాటాల పెంకుటిల్లు. మా ఆయన ప్రెస్సులో కంపోజిటరు. అత్తయ్య పేరు రూతమ్మ. మిషను హాస్టల్లో ముప్ఫయ్యేళ్లు వంట చేసి, ఈమధ్యనే మానేసింది. వందమంది పిల్లలకి వండిన మనిషి కావడంతో, ఏ వస్తువు ఎప్పుడు ఎక్కడ చవకో ఆవిడకి కంఠతా వచ్చు. చింతపండు గింజతో కొని, ఇంట్లో గింజ తీసి, ఆ గింజల్ని మళ్లీ అమ్మేస్తుంది. కందిపప్పు రెండు గంటలు నానబెట్టందే పొయ్యెక్కనివ్వదు, కిరసనాయిలు కలిసొస్తుందని. ప్రెస్సులో కత్తిరించి పారేసే కాగితం ముక్కల్ని మా ఆయన తెస్తే, వాటిని దారంతో కుట్టి నాకు పద్దుల పుస్తకం చేసింది. ఈ కథనానికి రాసుకున్న వివరాలన్నీ ఆ పుస్తకంలోవే.

పదకొండేళ్లుగా అయిదు వాటాల వాళ్లూ డబ్బు పోగుచేసి అత్తయ్య చేతికిస్తున్నారు. ఆవిడ పామర్రు వెళ్లి ఏడాదికి సరిపడా మినుములు తెచ్చి, తన ఇత్తడి మానికతో ఇంటికి ఎనిమిది చొప్పున కొలిచి పంచుతుంది. ఇడ్లీ, గారె, సున్నుండ ఏది తిన్నా "పిన్నిగారి మినుములు" అంటారు ఆ వాటాల్లో. ఆ మాట వింటే అత్తయ్యకి కడుపు నిండిపోతుంది.

అయితే నిరుటి మినుముల్లో మట్టిబెడ్డలు వచ్చాయి. ఎందుకొచ్చాయో మా ముగ్గురికే తెలుసు. అత్తయ్యకి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎదురుగా ఉన్న మనిషి నీడలాగా కనిపిస్తాడు, గొంతును బట్టి పోల్చుకుంటుంది. కంటి డాక్టరు చూసి, "ముదిరాయమ్మా, ఎండలు రాకముందే ఆపరేషను చేయించండి. ఇంకా జాప్యం చేస్తే చూపు మళ్లీ రాకపోవచ్చు" అన్నాడు. కంటికి నూటయాభై రూపాయలు. మా ఆయన చీటీ పాడి ఆ డబ్బు తెచ్చి పెట్టెలో పెట్టాడు కూడా.

"నూటయాభై పెట్టి నాకు కళ్లెందుకురా? ఇంకా ఏం చూడాలని? అమ్మాయికి కుట్టుమిషను కొను, పది డబ్బులొస్తాయి" అనేది అత్తయ్య. ఎన్నిసార్లడిగినా అదే పాట. తన కోసం అంత ఖర్చు పెట్టించుకోవడం ఆవిడకి దొంగతనంతో సమానం. పైగా, కనపడదని తెలిస్తే వాటాల వాళ్లు డబ్బు చేతికివ్వడం మానేస్తారని భయం. అందుకే ఈసారి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. "నువ్వు పక్కనుండి చూస్తూ ఉండు. నాకు కనపడదని మాత్రం ఎక్కడా నోరు జారకు" అని ముందే షరతు. మా ఆయనేమో రాత్రి నన్ను పక్కకి పిలిచి, "దారిపొడుగునా అడుగుతూనే ఉండు సుగుణా. సాయంత్రానికి ఊ అనిపించాలి నువ్వు" అన్నాడు. కొడుకు మూడు నెలల్లో చెయ్యలేని పని కోడలు ఒక్క పూటలో చెయ్యాలట!

పొద్దున్న అయిదుంబావుకి ఇంట్లోంచి బయటపడ్డాం. బస్టాండుకి రిక్షా అర్ధరూపాయి అడిగాడు. అత్తయ్య ఆ మాట వినపడనట్టే నడక సాగించింది. నా చేతిసంచిలో చింతకాయ పచ్చడి కలిపిన అన్నం, మజ్జిగ సీసా; ఆవిడ చేతిలో మానిక చుట్టిన గోనె సంచి. మినుములకి నూట ఇరవై, చార్జీలకి పన్నెండు, వచ్చేటప్పుడు బెల్లానికి ఆరు, అన్నీ ఆవిడ రొంటిన ఉన్నాయి. బయట హోటల్లో ఇద్దరం టిఫిను తింటే రెండు రూపాయలు ఎగిరిపోతాయని తెల్లవారుజామున నాలుగింటికే లేచి అన్నం వండింది. "అన్నం తెచ్చుకుంటే ప్రయాణంలో ఇంకో సుఖం కూడా ఉందే అమ్మాయ్, హోటలు ఎక్కడుందా అని వెతుక్కోనక్కరలేదు" అంది. చూపు లేని మనిషి చెప్పిన మాట అది, అప్పుడు నాకు నవ్వొచ్చింది.

అయిదూ నలభైకి పామర్రు వైపు బస్సు. ఇక్కడ ఒక కిటుకు. పామర్రు టిక్కెట్టు రెండు రూపాయల పది పైసలు. దానికి ముందు స్టేజీలో దిగితే రూపాయి తొంభై అయిదే. మేం వెళ్లవలసిన పాలెం ఆ రెండు చోట్లకీ సమానదూరం. అంటే పామర్రు దాకా వెళ్లేవాళ్లు మనిషికి పదిహేను పైసలు ఊరికే పారేసుకుంటున్నారన్నమాట. అత్తయ్య కండక్టరుకి సరిగ్గా మూడు రూపాయల తొంభై పైసలు చిల్లర ఇచ్చింది. నాణేల అంచులు బొటనవేలితో తడిమి మరీ ఇచ్చింది, అది నేను తప్ప ఎవరూ గమనించలేదు.

పటమట దాటాక తెల్లవారింది. రోడ్డు పక్కనే బందరు కాలువ, దాని మీద పొగమంచు. కంకిపాడులో ఒక ముసలి రైతు ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్నాడు. అత్తయ్య ఒళ్లోని గోనె చూసి, "మినుములకా అమ్మా?" అన్నాడు.

"అవునండీ. ఈ ఏడు ఎలా ఉన్నాయి?"

"కాపు బాగానే ఉంది. పచ్చి మీద అమ్మేస్తున్నారమ్మా కొందరు, జాగర్త. ఇంటికెళ్లి ఎండబెడితే బస్తాకి నాలుగు కిలోలు తరిగిపోతాయి."

"చెవి పెడితే తెలిసిపోదూ?" అంది అత్తయ్య.

ఆయన వెనక్కి తిరిగి ఆవిడ వంక మెచ్చుకోలుగా చూశాడు. ఉయ్యూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. పంచదార ఫ్యాక్టరీ వాసన బస్సంతా నిండిపోయింది, చెరకు బళ్లు రోడ్డుకి అడ్డంగా బారులు తీరి ఉన్నాయి. ఇదే సమయమనుకుని నేను అందుకున్నాను.

"అత్తయ్యా, ఆ బళ్లు చూశారా, ఎన్ని ఉన్నాయో?"

"వాసనొస్తోందిగా, చాల్లే."

"ఆపరేషను చేయించుకుంటే చక్కగా చూడొచ్చు."

"చెరకు బళ్లు చూడ్డానికి నూటయాభయ్యా? పిచ్చిదానివా నువ్వు?" అని కొంగు ముఖం మీదికి లాక్కుని నిద్ర నటించింది. మొదటి ప్రయత్నం అలా తేలిపోయింది.

ఏడున్నరకి దిగి, పొలాల గట్ల మీద నడిచాం. వరి కోసిన మళ్లలో మినుము చేను పీకి కుప్పలు వేసి ఉంది. అక్కడక్కడా ఆడవాళ్లు చేటలతో గాలికి ఎత్తి పోస్తున్నారు. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచింది, చూసేవాళ్లకి అత్తాకోడళ్ల ముచ్చటలాగా ఉండాలని. గట్టు తెగిన చోట నేను నెమ్మదిగా "ఇక్కడ అడుగు పెద్దది వెయ్యండి" అనేదాన్ని. నిజానికి ఆ నడక నాకు చాలా ఇష్టమైంది. పెళ్లయిన రెండేళ్లలో ఆవిడ చెయ్యి నా భుజం మీద అంతసేపు ఎప్పుడూ లేదు.

ఎనిమిదింబావుకి పాలెం చేరాం. మినుములు అమ్మే మనిషి సంతోషమ్మ, అత్తయ్య పుట్టినూరికి పక్కూరిది, నలభయ్యేళ్లుంటాయి. పొలాల్లో మినుము పీకినందుకు ఆడవాళ్లకి కూలి గింజల్లోనే ఇస్తారు. తనకొచ్చినవి, పక్కిళ్ల మరో నలుగురు ఆడవాళ్లకొచ్చినవి సంతోషమ్మ ఒకచోట చేర్చి, ఏటా అత్తయ్యకే అమ్ముతుంది. కొట్లో అమ్మితే షావుకారు తరుగనీ, ధర్మమనీ ఏదో ఒకటి కోసుకుంటాడు. అత్తయ్యకి అమ్మితే ఆ బాధ లేదు. మధ్యలో షావుకారు లేకపోతే అమ్మేవాళ్లకీ లాభమే, కొనేవాళ్లకీ లాభమే. ఇలా వెళ్లి కొనడంలో ఉన్న అసలు కీలకం అదే.

"వచ్చావా రూతమ్మక్కా! ఈ అమ్మాయెవరు, కోడలా? బక్కగా ఉందే, తిండి పెడుతున్నావా లేదా?" అంటూ సంతోషమ్మ మంచం వాల్చింది.

"పెడుతూనే ఉన్నా. మాటలకి ఖర్చయిపోతోంది దాని తిండంతా" అంది అత్తయ్య.

తరవాత బేరం. అత్తయ్య దోసెడు మినుములు తీసి ఇత్తడి చెంబులోకి పైనుంచి పోసి, చెవి ఒగ్గి వింది. ఎండిన గింజ అయితే గలగలమంటుంది, పచ్చిదైతే మెత్తగా పడుతుంది. అవి గలగలమన్నాయి. ఆపైన గింజ ఒకటి కొరికి, "మూడు మంచి పళ్లున్నాయి, వాటితోనే తేల్చాలి" అని నవ్వింది. సంతోషమ్మ మానిక మూడుంబావు అంది. అత్తయ్య రెండు ముప్పావు అంది. ఇద్దరూ పావుగంట సేపు వాదించుకున్నారు. మధ్యలో పిల్లల ఆరోగ్యాలు, పోయినవాళ్ల సంగతులు, పంచదార కార్డుల గొడవ అన్నీ దొర్లాయి. ఆఖరికి మూడు రూపాయల దగ్గర ఆగారు. అంచుకి సమంగా పోసిన మానికకి మూడు. ఆ మానికకి సమంగా పోస్తే కిలోన్నర మినుములు పడతాయి. నలభై మానికలంటే అరవై కిలోలు, నూట ఇరవై రూపాయలు.

కొలతకి వాళ్లిద్దరి మధ్య మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. మానిక అత్తయ్య పట్టుకుంటుంది, సంతోషమ్మ చేటతో పోస్తుంది. అత్తయ్య "చాలు" అనేదాకా పోసేవాళ్లు ఆపకూడదు. చేట అమ్మేవాళ్ల చేతిలో, మాట కొనేవాళ్ల నోట. ఇందులో ఎవరికీ అనుమానం ఉండదని దీని ఉద్దేశం. సంతోషమ్మ భర్త ఏలియా గోడ మీద బొగ్గుతో గీతలు పెడుతున్నాడు. ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ సాగించింది అత్తయ్య.

అయిదో మానిక దగ్గర నేను గమనించాను. గింజలు అంచుకి వచ్చాయి. అత్తయ్య "చాలు" అనలేదు. అంచు దాటి చిన్న కుప్పగా లేచాయి. అప్పుడు "చాలు" అంది. ఆరో మానికా అంతే. ఏడూ అంతే. సంతోషమ్మ ఒకసారి అత్తయ్య ముఖంలోకి చూసి, తల తిప్పుకుని మళ్లీ పోసింది.

నేనేమనుకున్నానో దాచకుండా చెప్తాను. ఇదీ అత్తయ్య బేరం అనుకున్నాను. ధర దగ్గర తగ్గినట్టే తగ్గి, కొలత దగ్గర రాబట్టుకుంటోందని, ముప్ఫయ్యేళ్ల అనుభవమంటే ఇదేనని లోపల్లోపల మురిసిపోయాను. అవి నల్లటి గింజలనీ, చీకటి కమ్మిన కళ్లకి మానిక అంచు ఎక్కడుందో తెలియదనీ నాకు తట్టనేలేదు. ఆవిడ నన్ను తెచ్చుకున్నదే అందుకని కూడా మరిచిపోయాను. నలభై మానికలూ అలాగే కొలిచేశారు.

తొమ్మిదిన్నరకి డబ్బిచ్చి, అక్కడే అన్నం తిన్నాం. సంతోషమ్మ పెట్టిన చేపల పులుసు కూడా తిన్నాం. ఏలియా గోనె మూతి కుట్టి, సైకిలు మీద వేసుకుని పామర్రు బస్టాండులో దింపి వెళ్లిపోయాడు. వాళ్లింటి గుమ్మం దాటుతుంటే సంతోషమ్మ ఎప్పటిలాగా "మళ్లీ ఏడు తప్పకుండా రా అక్కా" అనలేదు. "వెళ్లిరా" అంది అంతే. అది కూడా నేను పట్టించుకోలేదు.

పదకొండుంబావుకి బెజవాడ బస్సు వచ్చింది. ఉయ్యూరులో దిగి ఓ అయిదు కిలోల బెల్లం కొనుక్కుని, తరవాతి బస్సు అందుకోవాలని మా పథకం. కండక్టరు గోనెని కాలితో తట్టి, "డెబ్భై కిలోలుంటుంది. పది కిలోలకి పదిహేను పైసలు, రూపాయి అయిదు ఇవ్వండి" అన్నాడు.

అత్తయ్య ఊరుకుంటుందా! "డెబ్భయ్యా? అరవై కిలోల మినుములు, గోనె ఒక కిలో. తొంభై పైసలు తీసుకో నాయనా."

"చూస్తుంటే తెలీడం లేదేంటమ్మా?"

"నువ్వు కంటితో చూస్తున్నావు. నేను చేత్తో కొలిచాను."

"సరే, తూయించండి. అరవై రెండు దాటకపోతే అరవైకే రాస్తా. బస్సు ఇంకో పది నిమిషాలాగుతుంది" అన్నాడు కండక్టరు. పాపం మంచివాడే. పక్కనే ఎరువుల కొట్లో కాటా ఉంది. హమాలీకి అయిదు పైసలిచ్చి గోనె ఎక్కించాం. పదిహేను పైసల కోసం అయిదు పైసలు పెట్టడం లెక్కలోకి వస్తుందా అని నేను గొణిగితే, "మాట దక్కాలి" అంది అత్తయ్య.

కాటా అరవై ఆరు చూపించింది.

"కాటా తప్పు" అంది అత్తయ్య. కొట్టతను నొచ్చుకుని, కట్టు విప్పని యూరియా బస్తా ఒకటి ఎక్కించి చూపించాడు. యాభై కిలోల బస్తా సరిగ్గా యాభై తూగింది. కండక్టరు నవ్వి, "డెబ్భై కిందే లెక్కమ్మా, ఎక్కండి" అన్నాడు.

అత్తయ్య ఎక్కలేదు. గోనె మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. తరవాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, కొలిచేటప్పుడు మానిక పొంగిందా?" అని అడిగింది.

"పొంగిందత్తయ్యా. చూశాను. మీరు కావాలనే చేస్తున్నారనుకున్నాను."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "కావాలనే" అని ఆ మాటనే ఒకసారి అనుకుంది. "నువ్వే అలా అనుకుంటే, సంతోషం ఏమనుకుని ఉంటుందే?" అంది. అయిదు కిలోలంటే పది రూపాయలు. మినుము పీకే ఆడమనిషికి మూడు రోజుల కూలి. పొద్దున సంతోషమ్మ తల తిప్పుకున్న తీరు అప్పుడు నా కళ్లకి కట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బస్సు వెళ్లిపోయింది. అత్తయ్య రిక్షాని పిలవమంది. రెండు మైళ్ల దూరం, గోనెతో సహా, రాను పోను అయిదు రూపాయలన్నాడు రిక్షా అతను. రూపాయిన్నర నుంచి మొదలవుతుందని నేను ఎదురు చూస్తుంటే, "ఎక్కు" అంది అత్తయ్య. ఆవిడ బేరమాడకుండా డబ్బు ఖర్చు పెట్టడం నేను చూసింది అదే మొదటిసారి. గోనె కాళ్ల దగ్గర పెట్టుకుని ఎర్రటి ఎండలో కూర్చున్నాం.

పన్నెండున్నరకి పాలెంలో దిగాం. సంతోషమ్మ అంట్లు తోముతూ, మమ్మల్ని చూసి చేతులు కడుక్కుంది. ముఖంలో నవ్వు లేదు.

"గింజలు బాలేవా అక్కా?" అంది.

"గింజలు బంగారం. నా కొలతే బాలేదు. అయిదు కిలోలు ఎక్కువొచ్చాయి. ఎందుకు పోశావే? పొంగుతుంటే చూస్తూ ఎందుకూరుకున్నావు?"

సంతోషమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "నువ్వు చాలంటేనే కదా నేనాపాలి. పదకొండేళ్లలో ఒక్క గింజ ఎక్కువ తీసుకోనిదానివి. ధరలు ఇలా మండిపోతుంటే నీకేం కష్టమొచ్చిందో, నోరు తెరిచి అడగలేక ఇలా తీసుకుంటున్నావనుకున్నా. పోనీలే అనుకున్నా" అంది. ఆగి, "పక్కిళ్ల వాళ్ల వాటాకి నా వాటాలోంచి సర్దేశాను" అని కలిపింది.

ఆ మాటతో అత్తయ్య మంచం మీద కూలబడింది. దొంగతనం చేశావని అరిచి ఉంటే ఆవిడ తట్టుకునేది. జాలిపడి ఊరుకున్నారంటే తట్టుకోలేకపోయింది.

"నాకు కనపడదే సంతోషం" అంది. "రెండు కళ్లూ పోయాయి. నీ ముఖం కూడా నాకు నల్లగా, గుండ్రంగా కనిపిస్తోంది, అంతే. అంచు ఎక్కడుందో తెలియక, చేతికి బరువు తెలిసినప్పుడల్లా చాలన్నాను. నిరుడు మట్టిబెడ్డలు కూడా అందుకే. ఎవరికీ చెప్పలేదు."

సంతోషమ్మ వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది. "నీ మొండితనం తగలెయ్య! చెప్తే నేను మాత్రం నిన్ను రావద్దంటానా?" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. రిక్షా అతను గుమ్మం బయట బీడీ ఆర్పేసి ఇటే చూస్తున్నాడు.

గోనె విప్పి మళ్లీ మొదటినుంచి కొలిచాం. ఈసారి మానిక నేను పట్టుకున్నాను, "చాలు" నేనే అన్నాను. అంచుకి సరిగ్గా, ఒక గింజ అటూ ఇటూ లేకుండా. నలభై మానికలయ్యాక పట్టా మీద మూడు మానికల పైన కొంచెం మిగిలాయి. మిగిలినవి సంతోషమ్మ కుండలో పోసేసింది. ఆపైన ఆ కుండలోంచే రెండు దోసిళ్లు తీసి మా గోనెలో పోసింది.

"ఇదేంటే?" అంది అత్తయ్య చప్పుడు విని.

"కొసరు. నా చేత్తో నేనేస్తే అది కొసరు. మాట్లాడకు."

గుమ్మం దాటుతుంటే, "కళ్లు బాగుచేయించుకుని రా. మళ్లీ ఏడు నీ కోడలు చాలంటే నేను ఆపను, నువ్వంటేనే ఆపుతా" అని అరిచింది వెనకనుంచి.

పామర్రులో మూడూ పదికి బస్సు దొరికింది. గోనె తూయించలేదు, కండక్టరు ఎంతంటే అంత ఇచ్చాం. బెల్లం డబ్బు రిక్షాకి అయిపోయింది కాబట్టి ఉయ్యూరులో దిగే పని లేకపోయింది. ఆ రోజు లెక్క చూస్తే ఇంటికి అయిదు మిగలవలసింది, నాలుగు రూపాయలే మిగిలిందనుకున్నాం. అత్తయ్య ఒప్పుకోలేదు. తప్పు మనది కాబట్టి రిక్షా ఖర్చు వాటాల వాళ్ల మీద వెయ్యకూడదంది, అది మా ఇంటి పద్దులోనే రాయించింది. అలా వాళ్లకి అయిదూ నిలిచింది, మాకే ఏమీ మిగల్లేదు. పామర్రు వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే: అన్నం తీసుకెళ్లండి, ఒక స్టేజీ ముందే దిగండి, షావుకారు దగ్గరికి కాకుండా గింజ సంపాదించుకున్న మనిషి దగ్గరికే వెళ్లండి, ధర దగ్గర ఎంతైనా వాదించుకోండి. కొలత దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని కూర్చోండి, ముఖ్యంగా మీవైపు మొగ్గుతున్నప్పుడు.

కంకిపాడు దాటేదాకా అత్తయ్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏమీ కనపడదని తెలిసీ అటే చూస్తోంది. ఆపరేషను మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. మా ఆయనకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

"ఇంటికెళ్లాక వాటాల వాళ్లకి నువ్వే కొలువు. నాకు కనపడదని నేనే చెప్తాను" అంది ఉన్నట్టుండి.

"అలాగే అత్తయ్యా."

మరో మైలు గడిచింది. మా పక్కనున్నావిడ దిగిపోయాక, అత్తయ్య నా చెవి దగ్గరికి వంగి, ఎవరైనా వింటారేమోనన్నట్టు అడిగింది.

"ఏమే, ఆ కంటి డాక్టరు కంటికి నూటయాభై అన్నాడు కదా. రెండు కళ్లూ ఆయన దగ్గరే చేయించుకుంటాం, బయటికెక్కడికీ పోం. రెండూ కలిపి రెండొందల యాభైకి రాడంటావా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "రాకపోతే ఇంకో పాతిక పెంచుదాం" అన్నాను, ఆవిడ చెయ్యి పట్టుకుని.

"పాతికా! డాక్టరు ముందు అలా తొందరపడ్డావంటే చంపేస్తా" అంది అత్తయ్య. "సోమవారం పొద్దున్నే వెళ్దాం. నువ్వు పక్కన కూర్చో అంతే. మాట నేను మాట్లాడతాను."